పుట్టింటి పద్దు

"అరవై దాకా ఎవరు చేస్తారండీ చాకిరీ! యాభైకే మానేసి హాయిగా ఉందాం" అనే మాట ఈమధ్య చాలా ఇళ్లలో వినిపిస్తోంది. తప్పేం లేదు. పాతికేళ్లు పరుగెత్తిన మనిషికి కాస్త కూర్చోవాలని ఉండదూ! ఇంటి అప్పు తీరిందా, పిల్లల చదువులయ్యాయా, పెళ్లిళ్లకెంత, మనిద్దరి తిండికెంత అని శ్రీవారు లెక్క కడతారు. ఆ కాగితంలో తరచుగా ఒక పద్దు ఉండదు. అదే పెద్దవాళ్ల పద్దు. ఒకవేళ అత్తగారి పేరున్నా మన పుట్టింటివాళ్ల పేరు అసలే కనపడదు.

మనలాంటి ఇల్లాళ్లకు విడిగా సంపాదన లేదు. అమ్మకు నెలనెలా పంపే రెండు వేలైనా, నాన్న కంటి ఆపరేషన్‌కు సర్దిన పాతిక వేలైనా ఆయన జీతంలోంచి మిగిల్చి ఇచ్చినవే. జీతం ఆగిన రోజున పుట్టింటికి పెట్టే మన చెయ్యీ ఆగుతుంది. అందుకే ఈ సంగతి ఆయన రాజీనామా ఇవ్వకముందే తేలాలి.

మా ఇంట్లోనూ ఈ ప్రస్తావన వచ్చింది. "మీ అమ్మకు మీ తమ్ముడున్నాడుగా" అన్నారు మావారు. ఉన్నాడు, కాదనను. కానీ 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం, వాళ్లను చూడాల్సినవారిలో కూతుర్నీ చేర్చింది. "పొలంలో వాటా ఉన్నప్పుడు మందుల చీటీలో వాటా ఉండదా?" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా మరో తెల్లకాగితం తీశారు.

అందులో ఏమేం రాసుకోవాలో చెబుతాను.

ముందుగా పెద్దవాళ్లనే అడగాలి. పింఛను ఎంత వస్తుంది, బ్యాంకులో ఏముంది, అప్పులేమైనా ఉన్నాయా? "మీ డబ్బు మీద ఆశతో కాదు, రేపు మీకెంత కావాలో తెలియాలి కదా" అని నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటారు. తోడబుట్టినవాళ్లందరూ కూర్చుని ఎవరు డబ్బిస్తారు, ఎవరు దగ్గరుండి చూస్తారు అన్నది తేల్చుకోవాలి. దగ్గరుండి వేళకు ఇంత వండిపెట్టే మరదలి కష్టం కూడా వాటా కిందే లెక్క.

రెండోది ఆసుపత్రి ఖర్చు. చాలా ప్రైవేటు కంపెనీల ఆరోగ్య బీమాలో ఉద్యోగి తల్లిదండ్రులకూ చోటుంటుంది. ఉద్యోగం వదిలితే ఆ బీమా పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న బీపీ, షుగరు లాంటివాటికి మూడేళ్ల దాకా డబ్బు రాకపోవచ్చు. అందుకని ఉద్యోగం ఉండగానే విడిగా పాలసీ తీసుకుంటే, జీతం వస్తుండగానే ఆ గడువు గడిచిపోతుంది. డెబ్బై నిండినవారికి 2024 నుంచి, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. జాబితాలోని ఆసుపత్రుల్లోనే సుమా! ఆధార్ చూపించి ఆ కార్డు ముందే చేయించి ఉంచండి.

మూడోది నెల ఖర్చు. ఇవాళ అమ్మకు నెలకు 8 వేలు అవుతున్నాయనుకోండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు అవే 16 వేలవుతాయి. అరవై నిండిన అమ్మ పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు ఖాతా తెరవచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన 10 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 20,500 రూపాయలు వస్తాయి. వేసిననాటి వడ్డీ ఐదేళ్లూ మారదు, కాబట్టి వేసేముందు రేటు కనుక్కోండి. నామినీ ఎవరో తోడబుట్టినవాళ్లకూ అప్పుడే చెప్పేస్తే తర్వాత మాటలు రావు. అన్నిటికంటే, డబ్బు తన ఖాతాలోనే పడితే అమ్మ ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. మనవరాలికి ఓ గౌను కొనాలన్నా కొడుకునడగాలా, అల్లుణ్ణడగాలా అని సతమతమయ్యే పెద్దవాళ్లు ఎంతమంది లేరు!

ఇవన్నీ కలిపితే యాభై కాస్తా యాభై రెండో, మూడో కావచ్చు. మా లెక్కలో రెండేళ్లు పెరిగింది. పెరగనివ్వండి. విశ్రాంతి తీసుకునేటప్పుడు ఫోన్ మోగితే గుండె దడదడలాడకుండా ఉండటానికి ఆ రెండేళ్లు ఎక్కువేం కాదు. మీ ఇంటి కాగితంలో మీ అమ్మ పేరుందో లేదో ఓసారి చూసుకోండి మరి!