మందంటే ఏ మందు?

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి రసాయన శాస్త్రంతో పనేమిటని మీరు అడగవచ్చు. కిందటి నెల దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా ఇంట్లో జరిగిన సంగతి విన్నాక మీరు కూడా లేచి మీ మందుల అలమర ఒకసారి తెరిచి చూస్తారని ఇది రాస్తున్నాను.

మా నాన్నగారికి డెబ్బైయెనిమిదేళ్లు. పాదం మీద ఎగ్జిమా లేచి రసి కారుతూంటే డాక్టరుగారు చూసి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీళ్లలో రోజూ కాసేపు కాలు ఉంచమన్నారు. మందులషాపులో చిన్న సీసా ఇచ్చారు. అందులో ఊదా, నలుపు కలిసిన రంగున తళతళలాడే పలుకులు. కరగని పలుకు ఒంటికి అంటుకుంటే కాలుతుందన్నారు గదా అని, ముందుగా గాజుగ్లాసులో కరిగించాను. ఎంత వేశానంటే చిటికెడు. ఎవరి చిటికెడని మాత్రం అడక్కండి. గ్లాసు నాన్నగారి మంచం పక్కన బల్లమీద పెట్టి, టబ్బు తేవడానికి పెరట్లోకి వెళ్లాను.

అంతలో మా ఆవిడ కేక! పరుగున వచ్చి చూద్దును గదా, నాన్నగారి చేతిలో గ్లాసు. ఒక గుక్క నోట పోసుకున్నారు. చాలావరకు ఉమ్మేశారు గాని కొంత గొంతు దిగింది. పెదవులు, నాలుక గోధుమరంగుకు తిరిగాయి.

"ఇదేమిటి నాన్నా!" అన్నాను.

"బావిమందే కదురా! చిన్నప్పుడు తాగినవాళ్లమే. కాస్త చిక్కగా కలిపావనుకున్నాను" అన్నారాయన దగ్గుతూ.

వాంతి చేయిద్దామని నేను ఉప్పునీళ్లకు పరుగెత్తబోతే మా ఆవిడ ఆపింది. అదే మంచిదయిందట. ఇలాంటి మందు దిగేటప్పుడు ఒకసారి కాలిస్తే, వాంతిలో పైకి వచ్చేటప్పుడు మరోసారి కాలుస్తుంది. నోరు పుక్కిలింపించి, సీసా కూడా వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాం. ఒక రాత్రి అక్కడ ఉంచుకున్నారు. దైవం మేలుచేసి రెండురోజుల గొంతుమంటతో పోయింది. చిక్కటి ద్రావణం మరి నాలుగు గుక్కలు దిగి ఉంటే గొంతు వాచి ఊపిరాడకపోయేదని డాక్టరుగారు చెప్పినప్పుడు నా కాళ్లలో సత్తువ పోయింది.

అయితే నాన్నగారు అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన చిన్నతనంలో కలరా వచ్చిందంటే ఊరి బావులలో ఈ మందే కలిపేవారు. 1890 ప్రాంతాల్లో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. నీళ్లలో మురికి ఉంటే గులాబిరంగు విరిగిపోతుంది. రంగు నిలిచేదాకా మందు వేసేవారు. కలరా క్రిమి మీద పనిచేసినా తక్కిన క్రిములమీద దీని ప్రతాపం అంతంతమాత్రం. పైగా నీటి రంగూ రుచీ చెడగొడుతుంది. అంచేత తాగేనీటికి దీన్ని వాడమని ఇప్పుడు ఎవరూ చెప్పరు. బావులకు బ్లీచింగు పౌడరే.

మరి ఒకే మందు అప్పుడు ఊరిని కాపాడి, ఇప్పుడు మా నాన్నగారి గొంతు ఎందుకు కాల్చింది? మా కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరును పట్టుకుని అడిగాను. "ఈ లవణం ఒక్కొక్క అణువులో నాలుగేసి ఆక్సిజన్ పరమాణువులున్నాయి. ఎదురైనదానికల్లా ఆ ఆక్సిజన్ అంటగట్టడమే దీని స్వభావం. క్రిమి ఎదురైతే క్రిమిని కాలుస్తుంది; మీ నాన్నగారి నాలుక ఎదురైతే నాలుకను కాలుస్తుంది. ఆ పనిలో తాను గోధుమరంగు మాంగనీసు డయాక్సైడుగా మారుతుంది. వేళ్లకు పట్టే మరక అదే" అన్నాడాయన. ఆ మాంగనీసు మనకు పరాయిది కాదు. విజయనగరం ప్రాంతంలో 1892లోనే దాని ఖనిజాన్ని తవ్వడం మొదలుపెట్టారు.

దీని మంచీ చెడ్డా ఒకే గుణంలో ఉన్నాయన్నమాట. తేడా అంతా మోతాదులోనూ సాంగత్యంలోనూ ఉంది.

మోతాదు సంగతి: చర్మానికి పదివేల పాళ్ల నీటికి ఒక పాలు చాలు. అంటే పది లీటర్లకు ఒక గ్రాము. నాలుగువందల మిల్లీగ్రాముల బిళ్లయితే నాలుగు లీటర్లకు ఒకటి. తూచడానికి వీలులేనివాళ్లు పలుకులకు బదులు బిళ్లలే అడిగి తెచ్చుకోవడం మేలు. నీళ్లు లేత గులాబిరంగులో ఉండాలి. వంకాయరంగు వచ్చిందంటే మించిపోయిందని గుర్తు. కలిపేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. కంట్లో పడితే పావుగంటసేపు మంచినీళ్లతో కడిగి, వెంటనే డాక్టరుకు చూపించాలి.

సాంగత్యం సంగతి: దీని పక్కన గ్లిజరిన్ సీసా ఉంచకండి. రెండూ కలిస్తే అగ్గిపుల్లతో పనిలేకుండా కాసేపట్లో భగ్గుమంటుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. అందుకని కాగితపు పొట్లంలో కాక, మూత గట్టిగా ఉన్న సీసాలో, వంటింటికి దూరంగా, పిల్లలకు అందనిచోట ఉంచాలి. పాముకాటును కోసి ఈ పలుకులు కూరడం వెనకటి వైద్యం. దానివల్ల విషం దిగదు, కండ మాత్రం చెడుతుంది. కాటుపడ్డవాణ్ణి నేరుగా ఆసుపత్రికి చేర్చండి.

నాలాంటి వివేకవంతులు ఇతర దేశాల్లోనూ ఉన్నారు. పొరపాటున దీన్ని మింగుతున్నారని 2022లో బ్రిటనులో ఆసుపత్రులకు ప్రత్యేకంగా హెచ్చరిక పంపవలసి వచ్చింది.

ఇందులో మన భాష తప్పు కూడా కొంత ఉందేమో! రోగానికి వేసేది మందు, ఎలుకకు పెట్టేది మందు, తుపాకిలో దట్టించేదీ మందే. ఇరవై ఏళ్లుగా నానార్థాలు చెబుతున్నవాణ్ణి, గ్లాసు బల్లమీద పెట్టి, "మందు కలిపాను నాన్నా" అని మాత్రం అని వెళ్లాను. ఆయన తనకు తెలిసిన అర్థం తీసుకున్నారు.

ఇప్పుడు ఆ సీసా బీరువాలో పై అరలో ఉంటోంది. "కాలికి మాత్రమే. తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇన్నేళ్ల నీ తెలుగులో పనికొచ్చే వాక్యం ఇదొక్కటేరా!" అన్నారు.