సలాక్ తోటలో పోతుచెట్టు

ఇండోనేషియా వెళ్లివచ్చిన బంధువులు ముచ్చటగా చెప్పే వింతలలో సలాక్ పండు ఒకటి. పాముచర్మాన్ని తలపించే గోధుమరంగు పొలుసుల తోలును కొనవద్ద గిల్లి లాగితే సులువుగా ఊడివస్తుంది. లోపల వెల్లుల్లి రెబ్బలను పోలిన తొనలు సాధారణంగా మూడు ఉంటాయి. పెద్ద తొనలో గట్టి గింజ ఉంటుంది. ఆ గింజను చూడగానే, నాటితే కాస్తుందా అన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. ఆశపడేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

సలాక్, తాటి ఖర్జూరాల కుటుంబానికి చెందిన పొట్టి చెట్టు. జావా, సుమత్రా దీవుల వర్షారణ్యాలలో పెద్ద వృక్షాల నీడన పెరుగుతుంది. కాండం ఉన్నదా లేదా అన్నట్లుంటుంది. నేలనుండే మట్టలు గుబురుగా లేచి ఐదారు మీటర్ల వరకు సాగుతాయి. పండ్ల గెలలు మట్టల మొదళ్ల నడుమ, దాదాపు నేలకు ఆనుకొని ఉంటాయి. మట్టల నిండా ముళ్లే. అందుకే అక్కడి పల్లెల్లో దీనిని దడిగా కూడా నాటుతారు. కోసిన మట్టలతో కంచె కడతారు.

మన తాళ్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్లే సలాక్‌లోనూ మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. గింజ నుండి మొలిచిన మొక్క ఏదో, పూత వచ్చేవరకు చెప్పలేము. అందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఒక్క మొక్కనే పెంచి, తీరా అది మగదని తెలిస్తే పడిన శ్రమంతా నీడకే మిగులుతుంది. ఆడదైనా, పక్కన మగచెట్టు లేకపోతే ఫలితం అంతే. అనుభవజ్ఞులైన రైతులు కనుకనే గింజలను నమ్ముకోక, మంచి తల్లిచెట్టు పిలకలను వేరుచేసి నాటుకుంటారు. తోటకు సరిపడా కొద్దిపాటి మగచెట్లను ఉంచుకుంటారు. కాయదని పోతుచెట్టును నరికేవాడు తన గెలలనే నరుక్కున్నట్లు. బాలి దీవి సలాక్ మాత్రం ఈ నియమానికి లోబడదు. అక్కడ ఒకే చెట్టు తనంతట తానే కాయగలదు.

అడవిలో చిన్న ముక్కుపురుగులు పుప్పొడిని చేరవేస్తాయి. తోటలో ఆ పని మనిషిది. రైతు మగ పూగెలను కోసి, విచ్చుకున్న ఆడ పూగెలపై దులిపి, వాన తగలకుండా కప్పుతాడు. ఆడపూలు పుప్పొడిని స్వీకరించే గడువు రెండు మూడు రోజులే కనుక, తోటను తరచుగా తిరిగి చూసుకోక తప్పదు. మదీనా రైతులు ఖర్జూరపు పూలకు చేసే పరాగసంపర్కాన్ని గురించిన హదీసు మన పాఠకులు ఎరిగినదే. ఇదీ ఆ కోవకు చెందిన పనే. ఆ తరువాత పండు చేతికి రావడానికి సుమారు ఆరు నెలలు.

యోగ్యకర్త నగరానికి ఉత్తరాన, మెరాపి అగ్నిపర్వతపు వాలులలోని స్లెమాన్ జిల్లా ‘పొందోహ్’ రకానికి పేరుపొందినది. ఇతర రకాలు పూర్తిగా పండకముందు వగరుగా ఉంటే, ఇది లేతగా ఉన్నప్పుడే తియ్యగా ఉంటుంది. 2010లో మెరాపి బద్దలైనప్పుడు బూడిద బరువుకు మట్టలు విరిగి ఎన్నో తోటలు పాడయ్యాయి. సుమత్రాలోని పాదాంగ్ సిదెంపువాన్ పట్టణానికి సలాక్ నగరమనే పేరుంది. అక్కడి పండ్లలో ఎర్రని చారలు కనిపిస్తాయి. పండును అలాగే తింటారు, పంచదార పాకంలో ఊరవేస్తారు, చిప్స్ చేస్తారు.

ఇక మన పెరడు సంగతి. వేరు లోతుగా పోదు కనుక నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, కానీ నీరు నిలువరాదు. నీడ, గాలిలో తేమ తప్పనిసరి. తెలంగాణ, రాయలసీమల ఎండలకు ఇది నిలవదని నా అభిప్రాయం. కోస్తాలో కొబ్బరిచెట్ల నీడన ప్రయత్నించవచ్చు. పసిపిల్లలు ఆడుకునే చోట మాత్రం ఆ ముళ్ల దృష్ట్యా వద్దు. మరొక మాట: విదేశాల నుండి గింజలను, పిలకలను సంచిలో వేసుకొని తేవడం చట్టసమ్మతం కాదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం రెండూ కావాలి. మన దేశపు నర్సరీలలో దొరికితే, పిలకా, గింజ మొక్కా అని అడిగి, తల్లిచెట్టు ఏదో తెలుసుకొని కొనండి. ఈలోగా పిల్లలను పొలంగట్టు మీదికి తీసుకువెళ్లి, వరుసలోని తాళ్లలో ఏది పోతో, ఏది పెంటో పోల్చుకోమనండి.