తీరిక వేళ: అడుగు తొట్టెలో ఆశ్రయం

కిందటి సంచికలో మంచినీటి చేపల గురించి రాశాను, ఉప్పునీటి అక్వేరియం జోలికి పోలేదు. పుణె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి ఉప్పునీటి తొట్టె పెట్టి ఏడాది దాటిందట. "అన్నయ్యగారూ, నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా నైట్రేటు తగ్గడం లేదు, అద్దాల మీద నాచు ఆగడం లేదు. దుకాణంలో రెఫ్యూజియం పెట్టమంటున్నారు. పెడితే కరెంటు పోయిన రోజు హాలు మునుగుతుందని పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. మా బెంగుళూరు ఇంట్లో అటువంటిది ఆరేళ్ళుగా నడుస్తోంది గనుక తెలిసినంతవరకు చెబుతాను.

రెఫ్యూజియం అంటే లాటిన్‌లో ఆశ్రయం. పెద్ద చేపలు చొరబడలేని చిన్న అర అన్నమాట. అందులో సముద్రపు నాచు పెరుగుతుంది. ఆ నాచులో కోపిపాడ్లు, యాంఫిపాడ్లు అనే బుల్లి జీవాలు పిల్లలు పెట్టుకుంటాయి. కొన్ని నీటితోపాటు పైతొట్టెలోకి వెళ్ళి చేపలకు ఆహారమవుతాయి. నాచుతో అక్వేరియం నీటిని శుభ్రం చేయవచ్చునని అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ పెద్ద ఎత్తున చేసి చూపించారు. 1991లో సహరచయితతో కలిసి 'డైనమిక్ అక్వేరియా' అనే పుస్తకం కూడా వేశారు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, నాకు ఇది జమాఖర్చుల లెక్కగానే అర్థమయింది. మనం వేసే మేత జమ. అది చేపల కడుపులోంచి అమ్మోనియాగా బయటికి వస్తుంది. బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. విషం తగ్గుతుంది నిజమే, కాని సరుకు తొట్టెలోనే ఉంది. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారిందంతే. నాచు ఆ నైట్రేటునూ ఫాస్ఫేటునూ పీల్చుకుని ఒళ్ళు చేస్తుంది. అప్పుడు కూడా బాకీ తీరలేదు. పెరిగిన నాచును గుప్పెళ్ళతో తీసి బయట పారేసిన రోజునే ఖర్చు రాసినట్టు. నాచు కొయ్యని రెఫ్యూజియం వసూలు లేని అప్పువంటిది, పుస్తకంలో చూసుకోవడానికే పనికివస్తుంది.

ఇక అమరిక. బెంగుళూరులో సంప్ అంటే నీళ్ళ లారీ వచ్చి నింపే గొయ్యి. ఇక్కడ సంప్ అంటే పైతొట్టె కింద, స్టాండు లోపల పెట్టే రెండో గాజు తొట్టె. మా పైతొట్టె 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు, అంటే సుమారు 250 లీటర్లు. కింది సంప్ 3 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు, సుమారు 130 లీటర్లు. దానికి గాజు అడ్డుగోడలు పెట్టి మూడు అరలు చేశాము. ఒక చివర స్కిమ్మరు, రెండో చివర నాచు, మధ్యలో పంపు. అటునుంచీ ఇటునుంచీ గోడలు దాటిన నీరు మధ్య అరలో పడితే పంపు దాన్ని పైకి ఎత్తుతుంది.

నాచు అరను ఒక చివర పెట్టడానికి కారణముంది. పంపు గంటకు పైతొట్టె నీటికి నాలుగైదింతలు తిప్పాలి. అంత వేగం నాచు అరకు అక్కర్లేదు. అందుకని పైనుంచి దిగే పైపుకు ఒక టీ వేసి, పెద్ద పాయను స్కిమ్మరు వైపు, చిన్న పాయను బాల్ వాల్వుతో నాచు వైపు తిప్పాలి. వాల్వు తిప్పి కావలసినంతే వదులుకోవచ్చు. నాచు పోగులు కొట్టుకుపోయి పంపులో చిక్కుకోకుండా ఆ అర గోడకు దువ్వెన పళ్ళలాంటి జాలీ ఉండాలి.

పైపులు, వాల్వులు, ట్యాంక్ నిపుళ్ళు అన్నీ పి.వి.సి.వే కావాలి. మా ప్లంబరు గట్టిగా ఉంటుందని ఇత్తడి వాల్వు తెచ్చాడు. నేను వెనక్కి పంపించేశాను. ఇత్తడిలో రాగి ఉంటుంది. ఉప్పునీటిలో అది కొద్దికొద్దిగా కరుగుతుంది, ఆ కొంచెమే రొయ్యలకూ నత్తలకూ ప్రాణాంతకం. పంపు దగ్గర ఒక యూనియన్ వేయించుకుంటే కడగవలసినప్పుడు పైపు కొయ్యనక్కర్లేదు.

ఇప్పుడు పక్కింటివాళ్ళ భయం సంగతి. మా పైతొట్టెలో ఒక్క అంగుళం నీటిమట్టం అంటే 14 లీటర్లు. కరెంటు పోగానే పంపు ఆగుతుంది. ఓవర్‌ఫ్లో అంచు వరకు పైన ఉన్న నీరు, పైపుల్లోని నీరు కిందికి దిగుతాయి. మా ఇంట్లో ఇది 20 లీటర్లకు మించదు. మామూలుగా నడిచేటప్పుడు సంప్‌లో ఉండేది 80 లీటర్లు, అంటే ఖాళీ 50. కనుక చింత లేదు. కాని పంపు నుంచి పైకెళ్ళిన పైపు మూతి తొట్టెలో 4 అంగుళాల లోతున మునిగి ఉందనుకోండి, నీరు సైఫన్ పట్టి అదే పైపులో వెనక్కి వస్తుంది. నాలుగు పద్నాలుగులు 56. హాలు మునిగినట్టే. అందుకని ఆ పైపుకు నీటిమట్టానికి కాస్త దిగువన చిన్న రంధ్రం పెట్టాలి. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఎన్.ఆర్.వి. పెడితే చాలదా అంటారు కొందరు. ఉప్పు గడ్డకట్టినా, ఒక నత్త చిక్కుకున్నా అది మూసుకోదు. దాన్ని నమ్మి ఖాళీ తగ్గించుకోకూడదు.

ఎదురు లెక్క కూడా ఉంది. దిగే పైపు మూసుకుపోతే పంపు తన అరలోని నీటినంతా పైకి తోడేస్తుంది. మా పంపు అరలో ఉండేది 20 లీటర్లు, అంటే పైన ఒకటిన్నర అంగుళాల లోపు. పైతొట్టెకు అంచు కింద 2 అంగుళాలు ఖాళీ వదిలాము. దానికి తోడు, కాస్త ఎత్తులో రెండో దిగే పైపు కూడా పెట్టించాము. ఈ రెండు లెక్కలూ కాగితం మీద సరిపోయాకే గాజు కోయించండి. తర్వాత ఉప్పు కలపని నీళ్ళతో నింపి, మీరు దగ్గర ఉండగానే నాలుగైదుసార్లు స్విచ్చి ఆర్పి చూడండి. ఏ సంసారంలోనైనా కష్టం రాకముందే పరీక్ష పెట్టుకోవడం మేలు.

నాచులో కీటోమార్ఫా మంచిది. చిక్కుపడిన ఆకుపచ్చ నైలాను దారంలా ఉంటుంది, వేళ్ళుండవు, తీయడం తేలిక. కాలర్పా కూడా బాగా పెరుగుతుంది గాని, ఒక్కోసారి తెల్లబడి ఒక్క రాత్రిలో దాచుకున్నదంతా నీళ్ళలోకి కక్కేస్తుంది. పైతొట్టె దీపాలు ఆర్పాక నాచు అర దీపం వెలిగించండి. రాత్రిపూట బొగ్గుపులుసు వాయువు పెరిగి నీటి పి.హెచ్. పడిపోతుంది. కింద నాచు ఆ వాయువును వాడుకుంటుంది గనుక ఆ పతనం తగ్గుతుంది. ఆవిరయ్యే నీటి లోటు పంపు అరలోనే కనబడుతుంది. అక్కడ ఆర్.ఓ. నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా!

కోసిన నాచును మురుగుకాలువలోనో చెరువులోనో సముద్రంలోనో వదలకండి. ఎండబెట్టి చెత్తబుట్టలో వెయ్యండి. 1984లో మొనాకో తీరాన ఒక కాలర్పా జాతి కనబడింది. అక్కడినుంచి మధ్యధరా సముద్రంలో విస్తారంగా పాకి, ఎందరికో తలనొప్పి అయింది.

మరొక మాట. పగడాలు, సముద్రగుర్రాలు 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. దిబ్బలనుంచి తెచ్చిన రాయి అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అక్వేరియం కోసం చేసిన పింగాణీ రాయి చాలు, బాక్టీరియా దానిమీదా కాపురం పెడుతుంది. క్లౌన్ చేపలను తొట్లలోనే పుట్టించే పద్ధతి మన శాస్త్రజ్ఞులు సాధించారు. అలా పుట్టినవే అడిగి కొనండి. సముద్రంలోంచి పట్టి తెచ్చిన చేపకు మన ఇల్లు ఎంత బాగున్నా పరాయి చోటే.

పుణె సోదరికి నా సలహా ఇది. ముందు అబ్బాయి మేత తగ్గించాలి. చాలా ఇళ్ళలో జమ ఎక్కువై ఖర్చు చాలకపోవడమే అసలు జబ్బు. ఆపైన రెఫ్యూజియం పెట్టుకోండి, కాని రెండు వారాలకోసారి నాచు కోసే పని ఎవరిదో ఇంట్లో ముందే తేల్చుకోండి. అబ్బాయి హాస్టలుకు వెళ్ళిపోతే ఆ చెయ్యి మీదే అవుతుంది. అందుకు మీరు సిద్ధమైతే పెట్టండి, కాకపోతే మంచినీటి చేపలే హాయి.

వచ్చే సంచికలో బాల్కనీలో కరివేపాకు మొక్క గురించి. ఉత్తరాలు రాస్తూ ఉండండి.