కాళ్ల పీకులు తెలిసిన వైద్యుడేడీ?

రాత్రి పడుకోగానే కాళ్లలో పీకుడు మొదలై, లేచి నడిస్తే తప్ప తగ్గని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు ఇరవై ఏళ్లుగా రాస్తూ వచ్చిన ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మందులను మామూలుగా వాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025 మార్గదర్శకాల్లో సూచించడం ఆహ్వానించదగిన నిర్ణయం. మొదట్లో హాయినిచ్చే ఈ మందులు ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో బాధను సాయంత్రానికీ, మధ్యాహ్నానికీ జరిపి చేతులకూ పాకిస్తాయి. సంగతి తెలియని వైద్యుడు జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచితే అగ్నికి ఆజ్యం పోసినట్టే. జబ్బు ముదరడానికీ, మందే బాధను పెంచడానికీ ఉన్న తేడా పసిగట్టే వైద్యుడు మన జిల్లాల్లో దొరకడం గగనం. కాళ్లు పీకుతున్నాయంటే కాల్షియం బిళ్లలో, నిద్రమాత్రలో రాసి పంపేస్తున్నారు. జలుబుకిచ్చే కొన్ని మత్తు మాత్రలు ఈ బాధను పెంచుతాయన్న ఎరుకా తక్కువే. ఇనుము లోపం దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నవారిలోనూ ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. ఈ రుగ్మత ఉండి, ఆ నిల్వలను సూచించే ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు మించని పెద్దలకు ఇనుము ఇవ్వడాన్ని పరిశీలించాలన్నది నిపుణుల మాట. కాబట్టి ఏరియా ఆసుపత్రుల్లో ఫెరిటిన్ పరీక్ష ఉచితంగా జరగాలి. ఈ బాధ ఎక్కువగా కనిపించే గర్భిణులనూ, కిడ్నీ జబ్బుల ఉద్దానం సహా ప్రతి డయాలసిస్ కేంద్రంలోని రోగులనూ రాత్రిళ్లు కాళ్లు నిలవనిస్తున్నాయా అని విధిగా అడగాలి. పాత మందులు వాడుతున్నవారిచేత వాటిని ఒక్కసారిగా మాన్పించకుండా క్రమంగా తగ్గించే విధానాన్ని ఆరోగ్య విశ్వవిద్యాలయాలు జిల్లా వైద్యులకు నేర్పాలి. బోధనాసుపత్రుల్లోని న్యూరాలజీ విభాగాలు వారానికో రోజైనా నిద్ర రుగ్మతలకు ప్రత్యేక ఓపీ నడపాలి.