స్మార్ట్‌వాచి యద్దమునకు రక్షకపొర యావశ్యకమా?

ఈ కాలమున మన పాఠశాలలలోని బాలబాలికల మణికట్టులపై స్మార్ట్‌వాచి విరివిగా గానవచ్చుచున్నది. కాలమును దెల్పుటయే గాక, నడచిన యడుగులను లెక్కించుచు, గుండె కొట్టుకొను వేగమును జూపుచు, ఫోనునకు వచ్చిన సమాచారమును మణికట్టునకే యందించు యంత్ర మిది. పుట్టినదినమున కానుకగనో, పరీక్షలో కృతార్థులైనందులకు బహుమానముగనో తల్లిదండ్రులు దీనిని గొనిపెట్టుచున్నారు. కొన్ననాడే పుట్టు ప్రశ్న యొకటి కలదు. దీని యద్దముపై స్క్రీన్ ప్రొటెక్టరు అను రక్షకపొరను అతికింపవలెనా, వలదా? కొందఱు పొర వేయనిదే వాచిని చేతికి బెట్టుకొననే కొనరు. మఱికొందఱు పొర వేసిన వాచికిని ముసుగు వేసిన ముఖమునకును భేదము లేదని పరిహసింతురు.

ఇది యల్పవిషయమని కొందఱు తలపవచ్చును. కాని యొక కుటుంబము తన కష్టార్జితములో గొంత వెచ్చించి కొన్న వస్తువు కొన్నియేండ్లు పనిచేయుటయో, కొన్ని నెలలకే మూలబడుటయో పెక్కుమాఱు లిట్టి చిన్ననిర్ణయములపైననే యాధారపడి యుండును. కావున దీనిని వేడుకమాటగా విడువక కొంచెము విమర్శించి చూచుట మేలు. సామాన్యపు గాజుగల వాచికి పలుచని పొర యొకటి వేయుట వివేకమనియు, నీలమణిజాతి యద్దముగల వాచికి గీతల భయముచేత పొర వేయుట వ్యర్థమనియు, బరువైన కవచములు మోటుపనులు చేయువారికి దప్ప దక్కినవారి కక్కఱలేదనియు నా యభిప్రాయము. అందులకు గల హేతువుల నీ క్రింద వివరించెదను.

గడియారపుటద్దమును గాపాడుకొను చింత నేటిది కాదు. పూర్వము జేబుగడియారములకు బెక్కింటికి లోహపుమూత యుండెడిది. 1914 మొదలు 1918 వఱకు జరిగిన ప్రపంచయుద్ధమున గడియారము జేబు విడిచి సైనికుల మణికట్టున కెక్కెను. కందకములలో బోరాడువారు కొందఱు అద్దము పగులకుండుటకై దానిపై లోహపుజాలమును దగిలించుకొని, దాని సందులనుండియే కాలము చూచుకొనెడివారు. పిమ్మట 1931లో రివర్సో యను గడియారము పుట్టినది. మన దేశమున పోలో యాడుచుండిన బ్రిటిషు సైనికాధికారుల గడియారపుటద్దములు దెబ్బలకు పగులుచుండుటచే, ఆటవేళ ముఖమును లోపలికి ద్రిప్పి వీపును పైకి దెచ్చుకొనుటకు వీలగునట్లు దానిని నిర్మించిరని చెప్పుదురు. అద్దమును గాపాడుకొనుట పిఱికితన మనువా రీ చరిత్రను జ్ఞప్తియం దుంచుకొనవలెను.

అద్దమునకు గలుగు కీడు రెండు విధములు. మొదటిది గీత, రెండవది పగులు. ఈ రెంటిని వేఱుపఱచి చూడకుండుటయే యీ వాదములలోని గందరగోళమునకు మూలము. గీత పడుట కాఠిన్యమునకు సంబంధించిన విషయము. జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడగు ఫ్రెడ్రిక్ మోస్ 1812లో నేర్పఱచిన కొలమానము ప్రకారము, కఠినపదార్థము తనకంటె మెత్తనిదానిని గీయగలదు. ఆ కొలమానమున వజ్రమునకు 10, నీలమణికి 9, పలుగురాతికి 7, సామాన్యపు గాజునకు సుమారు 5.5 అంకెలు చెల్లును. ఇసుకలో సాధారణముగా నధికభాగము పలుగురాతి పొడియే. కావున నిసుకరేణువు గాజును గీయగలదు గాని నీలమణిని గీయజాలదు.

మన చుట్టునున్న రాళ్లనే పరిశీలింపుడు. కడప బండలును, తాండూరు బండలును సున్నపురాతి జాతికి జెందినవి, గాజుకంటె మెత్తనివి. శుభ్రమైన కడపబండకు వాచి యొరసికొన్నను గీత పడుట యరుదు. గ్రానైటునందో, పలుగురాయి కలిసియే యుండును. దానికి రాచుకొన్న గాజునకు గీత పడుటలో నాశ్చర్యము లేదు. ఇక కడపబండపైనను నిసుక పడి యున్నచో నపాయము రాతివలన గాక యిసుకవలన గలుగును. కబడ్డీ యాడి వచ్చి, మట్టి పట్టిన వాచిని చొక్కా యంచుతో గట్టిగా తుడుచు బాలుడు తన వాచిని శుభ్రపఱచుచున్నా ననుకొనుచున్నాడు. నిజమున కతడు దానిని గరుకుకాగితముతో రుద్దుచున్నట్లే.

ఇక పగులు మాట. కఠినమైనదెల్ల పగులనిది కాదు. వజ్రమైనను సుత్తిదెబ్బకు ముక్కలగును. 1969 జూలైలో చంద్రునిపై నడచిన బజ్ ఆల్డ్రిన్ ధరించిన ఒమేగా గడియారమునకు నీలమణి యద్దము లేదు. ఆక్రిలిక్ అను ప్లాస్టిక్కు అద్దముండెను. అది సులభముగా గీతలు పడునదియే, కాని దెబ్బకు తునియలై చెదరిపోదు. మన తాతల నాటి హెచ్‌ఎమ్‌టి వాచీలలో బెక్కింటి కిట్టి యద్దమే. గీతలు పడినప్పుడు టూత్‌పేస్టు రాచి మెఱుగుపెట్టుకొనెడివారు. స్మార్ట్‌వాచి గాజున కట్టి సౌకర్యము లేదు. సాధారణముగా దాని క్రిందనే వెలుగు తెర యతుకబడి యుండుటచే, పైయద్దము పగిలిన తెరను గూడ మార్చవలసి వచ్చును. రెండుమూడు వేల రూపాయల వాచి యైనచో దానిని బాగుచేయించుటకంటె క్రొత్తది కొనుటయే నయమని యంగడివారు చెప్పుదురు. అంతియ గాక, పగిలినచోటినుండి నీరు లోనికి జొరబడును. వాచి నీటికి దట్టుకొనునని పెట్టెపై వ్రాసిన మాట యద్దము చెక్కుచెదరక యున్నంతవఱకే చెల్లును. ఆకు వచ్చి ముల్లుపై బడినను, ముల్లు వచ్చి యాకుపై బడినను నష్టము ఆకునకే గదా!

ఈ గీతకును పగులునకును సంబంధ మొకటి కలదు. ఏ. ఏ. గ్రిఫిత్ అను ఆంగ్లేయ యంత్రశాస్త్రజ్ఞుడు 1921లో ప్రకటించిన పరిశోధనలో, గాజు బలహీనత దానిపైనున్న సూక్ష్మములైన చీలికలనుండియే కలుగునని నిరూపించెను. కంటికి గనబడని గీతయే రేపటి పగులునకు ద్వారమగును. కావున పలుచని పొర దెబ్బను నేరుగా ఆపజాలకున్నను, గీతలను నివారించుటచే గాజుబలమును గొంతవఱకు నిలుపుచున్నది.

ఇక మన వాచికి గల యద్దమెట్టిదో తెలిసికొనవలెను. ఇపుడు పెక్కు వాచీలలో రసాయనక్రియచే గట్టిపఱచిన గాజును వాడుచున్నారు. కరగిన పెట్లుప్పు, అనగా పొటాషియము నైట్రేటు, తొట్టిలో గాజును ముంచినచో దాని పైభాగమునందలి చిన్నవగు సోడియము అయానులు వెలువడి, వాని స్థానమున పెద్దవగు పొటాషియము అయానులు చొచ్చుకొనును. చోటు చాలక అవి యొకదానినొకటి యొత్తుకొనుటచే గాజు పైభాగము బిగిసి బలపడును. అట్లయ్యు నది గాజే. ఇసుక దానిని గీయగలదు. రెండవరకము నీలమణి యద్దము. ఇది గనిలో దొరకు మణి గాదు. అల్యూమినియము ఆక్సైడును కరగించి పెంచిన కృత్రిమస్ఫటికము. ఈ జాతి ఖనిజమునకు ఇంగ్లీషులో కొరండమని పేరు. ఆ పేరునకు మూలము మన దక్షిణదేశపు మాటయే. 2015లో ఆపిల్ సంస్థ తన మొదటి వాచీని విక్రయించినప్పుడు అల్యూమినియపు వాచికి గట్టిపఱచిన గాజును, ఉక్కువాచికి నీలమణి యద్దమును అమర్చెను. 2022లో శామ్‌సంగ్ వారి గెలాక్సీ వాచ్ 5 నీలమణి యద్దముతోనే వెలువడినది. పెట్టెపైని వివరములలో సఫైర్ అను మాట లేకున్నచో మీ వాచిది గాజని యెంచుకొనుట క్షేమము.

గాజువాచికి పొర వలయునన్నచో నెట్టి పొర వలయును? అంగళ్లలో మూడువిధములైనవి దొరకుచున్నవి. మొదటిది మెత్తని ప్లాస్టిక్కు పొర. ఇది వంపుగల యద్దమునకును జక్కగా నతుకుకొనును, వెల స్వల్పము, మాసినపుడు తీసి వేఱొకటి వేసికొనవచ్చును. రెండవది టెంపర్డ్ గ్లాసు. ఇది చదునైన యద్దమునకు తగును. దెబ్బను గొంత తాను భరించి పగిలి క్రింది గాజును గాపాడవచ్చును. వంపుటద్దమునకు మాత్ర మిది చుట్టునంచులకే యంటుకొని నడుమ గాలి నిలుచుటచే, వ్రేలి స్పర్శ సరిగా నందదు. మూడవది వాచి నంతటిని గప్పు కవచము. తాపీపని, యంత్రశాలపని చేయువారికి దీని యుపయోగము కాదనరాదు; కాని చెమటయు నీరును లోపల నిలుచును గనుక దినదినము తీసి తుడువనిచో మేలుకు మాఱు కీడగును.

ఇచ్చట నొక యెచ్చరిక. టెంపర్డ్ గ్లాసు పెట్టెలపై 9హెచ్ అని పెద్దయక్షరములతో వ్రాసియుండును. మోస్ కొలమానమున నీలమణికి గల 9 యిదియే యని భ్రమించి కొనువారు పెక్కుమంది. ఆ 9హెచ్ అనునది పెన్సిలు కాఠిన్యమును దెలుపు గుర్తు. ఆ గట్టి పెన్సిలుతో గీసినను గీత పడదని మాత్రమే దాని యర్థము. పెన్సిలుకు లొంగని గాజు ఇసుకకు లొంగును. రసాయనశాస్త్రము చదువు విద్యార్థులు తమ తండ్రులతో నంగడికి బోయినపు డీ భేదమును వారికి జెప్పుట చదువుకొన్నందులకు ఫలము.

పొరకు బ్రతికూలముగ జెప్పు మాటలను గూడ విచారింపవలెను. పొర వేసినచో స్పర్శ పనిచేయదని కొంద ఱందురు. తెర వ్రేలియందలి విద్యుద్వాహకగుణమును గుర్తించి పనిచేయునది. మిల్లిమీటరులో గొద్దిభాగము మందముగల పొర చక్కగా నతికినచో నంతగా నడ్డురాదు. గుండెవేగమును గొలుచుట చెడునని తల్లులు భయపడుదురు. ఆ కొలత వాచి వెనుకభాగమున పచ్చనికాంతితో జరుగునది. ముందరి పొరకు దానితో సంబంధము లేదు. అందము చెడునన్న మాటలో గొంత నిజము లేకపోలేదు. ప్లాస్టిక్కు పొర కాలక్రమమున మసకబాఱును, ఈతకొట్టువారికి అంచులు లేచును. కాని మసకబాఱిన పొరను మార్చుకొనవచ్చును. గీతపడిన గాజును మార్చుకొనుట సులభము గాదు.

వస్తువు మన వాడుకకే గాని మనము వస్తువు కావలికి గాదని వాదించువారి మాట యన్నిటికంటె గౌరవింపదగినది. పదునైదువందల వాచికి వెయ్యిరూపాయల కవచమును, దానిపై మఱి రెండు గాజులను దగిలించుట పావలా కోడికి ముప్పావలా మసాలా వంటిది. వాచి గీతపడునేమో యని యాటస్థలమునకు బోకుండు బాలునికి అడుగులు లెక్కించు యంత్ర మెందులకు? అయినను ఈ వాదమువలన పలుచని పొర తప్పని తేలదు. పైగా, నూఱు రెండువందల రూపాయల పొర యొకటి వేసి, పిమ్మట దానినిగూర్చిన చింత మాని స్వేచ్ఛగా నాడుకొనుటయే వస్తువును వస్తువుగా వాడుకొను మార్గము.

పొర వేయునపుడు వాచిని గడిగి, నూలుపోగులు రాలని మెత్తనిగుడ్డతో నొత్తి తుడిచి, దుమ్ములేని చోట గూర్చుండి యతికింపుడు. పొరక్రింద నొక్క యిసుకరేణువు చిక్కినను నొక్కినకొలది నదియే గాజును గీయును. ఆటనుండి రాగానే, వాచి నీటికి దట్టుకొను జాతిదైనచో, ముందు నీటితో మట్టిని బోగొట్టి పిదప తుడువుడు. పంపు పిడికిని, బస్సు కడ్డీకిని తగులకుండ చేతిని గమనించుకొనుడు.

విద్యార్థులారా! మీ మణికట్టుపైనున్న యా చిన్నయద్దములో మీ తండ్రిగారి కొన్నిదినముల కూలియో, మీ తల్లిగారు మిగిల్చిన యింటిఖర్చుల సొమ్మో యిమిడి యున్నదను మాట మఱువకుడు. దాని నెట్టి గాజుతో జేసిరో తెలిసికొనుడు. అవసరమైనచో నొక పలుచని పొర వేయుడు. అవసరము లేనిచో నాడంబరమునకై వేయకుడు. ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుటకంటె ముందుగా నాలోచించుకొనుట మేలని యెఱిగి, తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఈ విషయమున బాలబాలికలకు దగిన సలహా నిత్తురని నమ్ముచున్నాను.