కౌంట్‌డౌన్ ఆగితే నవ్వకండి

 ఈసారి కాస్త పెద్ద పోస్టే. తీరిక చేసుకుని చదవండి.

2023 అక్టోబర్ 21, శనివారం. దసరా రోజులు. మన హాల్లో బొమ్మల కొలువు. ప్రసాదాల పనికి వచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన పిల్లలు, మనం నలుగురం టీవీ ముందు చేరాం. శ్రీహరికోటలో గగన్‌యాన్ పరీక్ష ఒకటి జరుగుతోంది. పైకి వెళ్తుండగా రాకెట్‌కు ఏదైనా అయితే, మనుషులు కూర్చునే క్యాబిన్‌ను విడదీసి దూరంగా లాక్కెళ్ళి క్షేమంగా దించాలి. ఆ ఏర్పాటు పనిచేస్తుందా అని చూడటం. లోపల మనుషులెవరూ లేరు.

8 గంటలకన్నారు, తర్వాత 8:45 అన్నారు. తీరా 5 సెకన్లు ఉందనగా కంప్యూటరే కౌంట్‌డౌన్ ఆపేసింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. "మళ్ళీ ఇంతేనా!" అని మనమే నవ్వాం. లోపం ఏమిటో చూసి, సరిచేసి, 10 గంటలకు మళ్ళీ వదిలారు. క్యాబిన్ పారాచూట్లతో బంగాళాఖాతంలో చక్కగా దిగింది. అప్పటికి మనలో సగంమంది లేచి వెళ్ళిపోయాం.

ఆ తర్వాత కూడా మన గ్రూపులో వెక్కిరింతలు ఆగలేదు. 2018లో ఎర్రకోట మీద నుంచి ప్రకటించినప్పుడు 2022 కల్లా మనవాళ్ళు అంతరిక్షంలో ఉంటారన్నారు. ఆ గడువు దాటి ఏళ్ళయింది. దాని మీద వచ్చిన జోకులు మేమూ ఫార్వర్డ్ చేశాం. చేసింది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకో చెప్తాం.

1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ నౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు పోయారు. అందులో ఒకావిడ బడి టీచరు. ముందు రాత్రి, బూస్టర్ రాకెట్ తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు "ఇంత చలిలో రబ్బరు రింగులు సరిగ్గా బిగుసుకోవు, వదలొద్దు" అని ఫోన్లో వాదించారు. పైవాళ్ళు వాళ్ళ మాట పక్కన పెట్టారు. అప్పటికే ఆ ప్రయాణం చాలాసార్లు వాయిదా పడింది.

2003లో కొలంబియా సంగతి మనందరికీ తెలుసు. కల్పనా చావ్లా పోయిన రోజు మన ఇళ్ళల్లోనూ అన్నం సహించలేదు. పైకి వెళ్తున్నప్పుడే ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతో ఫొటోలు తీయించి చూద్దామని కొందరు ఇంజినీర్లు అడిగారు. ఆ అడిగింది ముందుకు సాగలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ, దిగడానికి ఇంకో పావుగంట ఉందనగా నౌక విచ్ఛిన్నమైంది.

అంతరిక్షంలో ప్రమాదం లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. అక్కడ బరువు తెలియక ఎముకలు నెలనెలా పలచబడతాయి. అందుకే రోజుకు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. రేడియేషన్ ఉండనే ఉంది. 1971లో సోయుజ్ 11లో తిరిగి వస్తున్న ముగ్గురు సోవియట్ వ్యోమగాములు, ఒక్క వాల్వు ముందే తెరుచుకుని గాలి పోవడంతో చనిపోయారు. క్యాబిన్ ఇరుకని వాళ్ళకు ప్రెషర్ సూట్లు ఇవ్వలేదు. ఆ తర్వాత సూట్లు తప్పనిసరి చేసి, కొన్నేళ్ళు ఇద్దరినే పంపారు.

వెళ్ళేవాళ్ళకు తెలిసి, ఒప్పుకుని నెత్తికెత్తుకునే ప్రమాదం ఒకటి. కింద పనిచేసేవాడికి తెలిసి కూడా పైవాడి చెవికి ఎక్కని ప్రమాదం ఇంకొకటి. ఛాలెంజర్, కొలంబియా రెండో రకం. "ఇంకా ఎప్పుడు?" అని ఊరంతా వెక్కిరిస్తుంటే ఆ రెండో రకమే పెరుగుతుంది.

ఆగిన సందర్భాలూ ఉన్నాయి. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ ఎనిమిది రోజులకని స్టార్‌లైనర్‌లో వెళ్ళారు. హీలియం లీకైంది, కొన్ని థ్రస్టర్లు మొరాయించాయి. నాసా వాళ్ళను అందులో ఎక్కించకుండా ఖాళీ నౌకనే దించింది. వాళ్ళిద్దరూ 286 రోజుల తర్వాత వేరే నౌకలో వచ్చారు. ఖాళీ నౌక క్షేమంగానే దిగింది కదా, అనవసరంగా ఆపారని మన గ్రూపులోనే ఒకరు రాశారు. దిగిందని దిగాక తెలిసింది. నిర్ణయం తీసుకున్న రోజున ఎవరికీ తెలియదు.

2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా ప్రయాణమూ అంతే. రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీక్ కనబడింది. దాన్ని సరిచేశాకే ఎగరాలని ఇస్రో పట్టుబట్టింది. 11న వెళ్ళాల్సింది 25న వెళ్ళింది. జులై 15న ఆయన క్షేమంగా తిరిగి వచ్చారు.

ఇదంతా మన సంఘంలో ఎందుకంటారా? శ్రీహరికోట మనకు పరాయి చోటు కాదు. ఆకాశం తేటగా ఉంటే మన చెన్నై మేడల మీద నుంచే రాకెట్ వెలుగు కనిపిస్తుంది. నెల్లూరు వైపు రైల్లో పోతూ సూళ్ళూరుపేట రాగానే పిల్లలకు అటు చేయి చూపిస్తాం. అంతకంటే పెద్ద కారణం, మన పిల్లల్లో ఎంతమంది ఇంజినీర్లో లెక్కలేదు. వంతెనలు, మందులు, కార్లు, సాఫ్ట్‌వేర్ – ఏదో ఒకరోజు వాళ్ళు కూడా "సార్, ఇది ఇంకా సిద్ధంగా లేదు" అనాల్సి వస్తుంది. ఆ మాట అనే ధైర్యం ఆఫీసులో కొత్తగా రాదు. "టెస్టు పోయింది" అని పిల్లవాడు ఇంటికొచ్చి చెప్పినప్పుడు మనం కేకలేస్తామా, ఎక్కడ పోయిందో కూర్చుని అడుగుతామా అన్నదాన్ని బట్టి వస్తుంది. మేము కేకలేసిన రోజులే ఎక్కువ. ఒప్పుకుంటున్నాం.

ఆలస్యానికి లెక్క అడగొద్దని మేము అనడం లేదు. అది ప్రజల డబ్బు. ఎందుకు ఆగింది, ఏం తేలింది అని అడగాల్సిందే. అడగడం వేరు, ఎగతాళి చేయడం వేరు.

గగన్‌యాన్‌లో ముందు మనుషులు లేకుండా వ్యోమమిత్ర అనే రోబోను పంపుతారు. ఆ రోజు మన హాల్లో మళ్ళీ టీవీ పెడదాం, పిల్లలందరినీ తీసుకురండి. కౌంట్‌డౌన్ మధ్యలో ఆగితే ఎవరూ లేచి వెళ్ళొద్దు. కాఫీలు కలుపుకుని కూర్చుందాం. ఎందుకు ఆగిందో పిల్లలకు తెలిసినంత చెబుదాం.

మీరేమంటారో రాయండి. కాదనేవాళ్ళు ముందు రాయండి.