అరుదైన సరుకు

మా స్టాఫు రూములో ఒక మిత్రుడున్నాడు. జంతుశాస్త్రం బోధిస్తాడు. ఇటీవల కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళి, ఫ్లోరిడాలో డిస్నీ కంపెనీవారి ‘ఏనిమల్ కింగ్‌డమ్’ చూసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన చేస్తున్న వాదం యిది: అడవులు పోతున్నాయి. అరుదైన జంతువుల్ని ఎవరో ఒకరు సాకాలి. సాకటానికి డబ్బు కావాలి. జనం ఉత్త జూకు రారు, రంగులరాట్నం వుంటే వస్తారు. కనుక ఖడ్గమృగానికి మేత పెడుతున్నది రంగులరాట్నమే. దాన్ని తిట్టేవాళ్ళకు జంతువులూ తెలియవు, లెక్కలూ తెలియవు.

ప్రతి మెట్టూ నిజంలాగే కనిపించే వాదం యిది. అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్ళు కూడా కొందరు దీనికి తల వూపుతున్నారు. అందుకే జవాబు చెప్పవలసి వచ్చింది.

మిత్రుడు తెచ్చిన ఫొటోల్లో అన్నిటికన్నా పెద్దది ‘జీవవృక్షం’ ఫొటో. పార్కు నడిబొడ్డున 145 అడుగుల ఎత్తున నిలబడివుంది. మానంతా మూడు వందలకు పైగా జంతువుల బొమ్మలు చెక్కారు. అది చెట్టు కాదు, కట్టడం. దాని లోపలి ఉక్కు చట్రం, సముద్రంలో చమురు తోడటానికి వేసే వేదిక నమూనాలో కట్టింది. యీ కాలపు పెట్టుబడి యింతకన్నా నిజాయితీ గల శిల్పాన్ని సృష్టించలేదు. పాపం, కావాలని చేసింది కాదు. అక్కడి బావోబాబ్ మానుల్లోనూ సిమెంటువి వున్నాయి. (నిజమైన బావోబాబ్‌ను చూడాలంటే మా విద్యార్థులు గోల్కొండ నయాఖిల్లా దాకా పోతే చాలు. అక్కడ దాన్ని ఏనుగు చెట్టంటారు.)

ఆ పార్కులోనే ‘హరాంబే’ అనే ఊరొకటి వుంది. తూర్పు ఆఫ్రికా రేవు పట్నంలాగా కట్టారు. గోడలు పెచ్చులూడినట్టూ, రంగు వెలిసినట్టూ పనిగట్టుకుని చేయించారు. స్వాహిలీ భాషలో హరాంబే అంటే అందరూ కలిసి లాగండని అర్థం. 1963లో కెన్యా స్వతంత్రమైనప్పుడు జోమో కెన్యాట్టా తన ప్రజలకిచ్చిన నినాదమది. ఇవాళ అది ఫ్లోరిడాలో ఒక బజారు పేరు. ఆఫ్రికావాడి పేదరికానికే రంగు పూసి అమ్మగలిగినవాడికి ఆఫ్రికా ఏనుగును అమ్మటం ఒక లెక్కా?

ఊరు దాటాక సఫారీ లారీ ఎక్కిస్తారు. పార్కు తెరిచిన తర్వాత చాలా ఏళ్ళపాటు ఆ సవారీకి ఒక కథ వుండేది. దొంగ వేటగాళ్ళు ఒక గున్న ఏనుగును ఎత్తుకుపోతుంటే, లారీలోని సందర్శకులే వెంటబడి దాన్ని కాపాడతారు. తర్వాత ఆ కథ తీసేశారు. కాని అది ఎన్ని లక్షలమంది పిల్లలకు ఏం నేర్పిందో ఆలోచించండి. ఏనుగు శత్రువంటే తుపాకి పట్టిన ఒక రౌడీ, అంతే! వాడి దగ్గర దంతం కొన్నదెవరు? యూరపు, అమెరికా డ్రాయింగు రూముల్లో పియానో మెట్లుగానూ బిలియర్డు బంతులుగానూ మారిన దంతం ఎవరి ఏనుగులది? ఆ ప్రశ్న వేస్తే లారీ ఆగిపోతుంది.

1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినం చూసుకుని, ఆ పార్కు తెరిచారు. తెరవకముందు కొద్ది నెలల్లోనే నాలుగు చీతా పిల్లలు ఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కడుపులో పడి చచ్చిపోయాయి. ఖడ్గమృగాలు పోయాయి, నీటికుక్కలు పోయాయి, రెండు కొంగలు వాహనాల కింద పడ్డాయి. అమెరికా వ్యవసాయ శాఖ విచారణ జరిపి చట్టభంగం ఏమీ లేదని తేల్చింది. ఆ తీర్పును నేను కాదనటం లేదు. అక్కడి పశువైద్యులు నాకన్నా జంతువుల్ని ప్రేమించేవాళ్ళే అయివుంటారు. కాని చట్టభంగమే లేకుండా యిన్ని చావులు జరగగలిగితే, ఆ చట్టం ఎవరి కొలతలకు కుట్టిందో అడగవద్దా?

అదే ఫ్లోరిడాలో టాంపా దగ్గర 1959లో ఒక బీరు కంపెనీ తన కార్ఖానా పక్కన వేసిన తోట బుష్ గార్డెన్స్. అక్కడ 2011లో ‘చీతా వేట’ అనే పేరుతో రోలర్ కోస్టరు పెట్టారు. పక్కనే చీతాలు. మన మహారాజులు వేటాడి వేటాడి, 1952 నాటికి యీ దేశంలో చీతాయే లేదని ప్రకటించవలసిన స్థితి తెచ్చారు. ఆ పేరు వింటే ముచ్చటపడేవారు.

అసలు సంగతికి వస్తాను. అరుదుతనం ఆకాశం నుంచి వూడిపడదు. అది తయారవుతుంది. తయారైన తర్వాత దానికి మారకపు విలువ వస్తుంది. ఒక్కొక్కప్పుడు తయారుచేసేవాడూ అమ్మేవాడూ ఒకే వ్యాపారంలో వుంటారు. టోకిటే అనే ఓర్కా కథ యిదే.

1970 ఆగస్టులో అమెరికా వాయవ్య తీరాన, పెన్ కోవ్ అనే సముద్రపు పాయలోకి ఎనభై దాకా ఓర్కాలను పడవలతో, పేలుళ్ళతో తరిమి వలలు వేశారు. పెద్దవాటిని అక్కర్లేదని వదిలేశారు. లారీలో పట్టేవి పిల్లలే. తల్లులు వల అవతల నుంచి కదలలేదు. వలల్లో చిక్కి కొన్ని పిల్లలు మునిగి చచ్చాయి. వాటి పొట్టలు చీల్చి, రాళ్ళు నింపి, రహస్యంగా సముద్రంలో ముంచారు. నవంబరులో ఆ కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చి గుట్టు బయటపెట్టాయి.

బతికిన పిల్లల్లో టోకిటే మయామీ సీక్వేరియంకు చేరింది. లోలిటా అని పేరు మార్చి గంతులు నేర్పారు. ఇరవై అడుగుల పొడవు పెరిగిన ఆ ప్రాణికి, ఎక్కడా ఇరవై అడుగుల లోతు మించని తొట్టి యిచ్చారు. తోడుగా వున్న హ్యూగో అనే మగ ఓర్కా తల గోడకేసి కొట్టుకునేది, 1980లో చచ్చిపోయింది. అటు సముద్రంలో, యీ వేటలు పిల్లల తరాన్నే వూడ్చేయగా ఆ మంద కోలుకోలేదు. 2005లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదంలో వున్న జాబితాలో చేర్చింది. 2015లో తొట్టిలో వున్న టోకిటే కూడా ఆ జాబితాలోకి వస్తుందని ఒప్పుకుంది. ఒప్పుకున్నా తొట్టి తొట్టిగానే వుంది. పేరు జాబితాకెక్కిన ఏడేళ్ళదాకా ఆట ఆగలేదు. 2023 ఆగస్టు 18న, ఇంటికి పంపే ఏర్పాట్ల మాటలు నడుస్తుండగా, అక్కడే చచ్చిపోయింది. ఓర్కాలను తమ చుట్టాలుగా ఎంచే లుమీ జాతి ప్రజలు దాని బూడిదను సొంత సముద్రానికి తీసుకుపోయి కలిపారు. యాభై మూడేళ్ళ టికెట్టు డబ్బు ఆ జాతిని ఏ మేరకు కాపాడిందో మా మిత్రుడే లెక్క కట్టాలి.

‘మరి కాండార్ రాబందు సంగతేమిటి మాస్టారూ?’ అన్నాడాయన. మంచి ప్రశ్న, దాటవేయను. 1987లో కాలిఫోర్నియా కాండార్లు ప్రపంచం మొత్తం మీద 27 మిగిలితే అన్నిటినీ పట్టి పెంచారు. 1992 నుంచి తిరిగి కొండల్లో వదిలారు. ఇవాళ అయిదు వందలకు మించాయి. ఆ పెంపకం జరిగినవాటిలో శాన్ డియాగోలో టికెట్టు అమ్మే పార్కు కూడా వుంది. నిజమే. అయితే ఎలా పెంచారు? పిల్లలకు మనిషి మొహం కనపడకూడదని, చేతికి కాండార్ తలలాంటి తోలుబొమ్మ తొడుక్కుని మేత పెట్టారు. మనిషికి అలవాటుపడ్డ పక్షి అడవిలో బతకదు గనుక. జాతిని నిలబెట్టే పని జంతువును జనానికి దూరం చేస్తుంది. టికెట్టు వ్యాపారం దాన్ని జనం ముందుకు లాగుతుంది. యీ రెండూ ఒకే ప్రహరీ లోపల వుండటం చూసి రెండోది మొదటిదాన్ని పోషిస్తున్నదనటం, ధర్మసత్రం కట్టించాడు గనుక వడ్డీ వ్యాపారం పుణ్యకార్యమే అనటంలాంటిది.

నేనేమీ మడికట్టుకు కూర్చోలేదు. ఏటా విద్యార్థుల్ని నగరంలోని జూకు తీసుకుపోయినవాణ్ణే. ఒకసారి తిరిగొచ్చాక వ్యాసం రాయమంటే ఎక్కువమంది బొమ్మరైలు గురించి రాశారు. తప్పు వాళ్ళది కాదు. రైలు కదిలింది, పులి పడుకుంది.

2010లో నెహ్రూ జంతుప్రదర్శనశాల, సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కలిసి మూషిక జింకలను పెంచటం మొదలుపెట్టారు. మూడు కిలోలు తూగే జంతువు. రాత్రిపూట తప్ప బయటికి రాదు, ఏ ఆటా ఆడదు. ప్రభుత్వ ఖర్చుతో, రంగులరాట్నం దయ లేకుండా, అది సంఖ్యలో పెరిగింది. 2017లో వాటిని నల్లమలలో అమ్రాబాదు అడవికి పంపటం మొదలుపెట్టారు.

రెండేళ్ళకు, 2019లో, అదే అమ్రాబాదులో యురేనియం అన్వేషణకు రంగం సిద్ధమైంది. చెంచులు కదిలారు. విద్యార్థులు, రచయితలు గొంతు కలిపారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ రోజుల్లో నేనూ సంతకాల కాగితం పట్టుకుని స్టాఫు రూముకు వెళ్ళాను. మా మిత్రుడు కాదనకుండా సంతకం పెట్టాడు. కలం మూసి జేబులో పెట్టుకుంటూ, ‘ఇంతకీ ఆ అడవిలో చూడటానికేముంది మాస్టారూ?’ అన్నాడు.